కారు నేర్చుకునేవారికి ఇన్సూరెన్స్: ఏది చదవాలి, ఏది తీసుకోవాలి, ఏది వదిలేయాలి

ఎల్‌ఎల్‌ఆర్, అంటే లెర్నింగ్ లైసెన్సు, చేతికి వచ్చిన రోజున ఇంట్లో మొదట వినిపించే ప్రశ్న, "నేర్చుకునేటోళ్లకు ఇన్సూరెన్స్ వేరే ఉంటదా?" అన్నది. మన దేశంలో అలాంటిది లేదు. ఇక్కడ మోటారు బీమా మనిషి మీద కాక బండి మీద ఉంటుంది. ఆ బండిని యజమాని నడిపినా, ఆయన కూతురు నడిపినా, పక్కింటి అబ్బాయి నడిపినా పాలసీ ఒక్కటే. నేర్చుకునేవారి కోసం ప్రత్యేక పాలసీ ఉన్నదని ఎవరైనా చెబితే, వారు మామూలు పాలసీకే ఒకటి రెండు అదనపు కవర్లు తగిలించి అమ్ముతున్నారని అనుకోవాలి. అయితే ఆ మామూలు పాలసీ నేర్చుకునేవారికి వర్తించడానికి కొన్ని షరతులున్నాయి. అవన్నీ పాలసీ కాగితంలో ఒకే ఒక చోట, రెండు మూడు వరుసల్లో ఉంటాయి. ప్రీమియం ఎంత, తగ్గింపు ఎంత అని బేరమాడటానికి ముందు ఆ వరుసలు చదవడం అవసరం.

డ్రైవర్ క్లాజు

పాలసీ షెడ్యూలులో, సాధారణంగా ప్రీమియం పట్టిక కింద, చిన్న అక్షరాలతో డ్రైవర్ క్లాజు ఉంటుంది. చెల్లుబాటులో ఉన్న డ్రైవింగ్ లైసెన్సు కలిగి, నడిపే అర్హతను కోల్పోని ఎవరైనా ఈ బండిని నడపవచ్చునని అందులో మొదట చెబుతారు. ఆ వెంటనే, చెల్లుబాటులో ఉన్న లెర్నింగ్ లైసెన్సు ఉన్నవారు కూడా నడపవచ్చునని, అయితే వారు 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 3వ నిబంధనను పాటించి ఉండాలని రాస్తారు. నేర్చుకునేవారికి బీమా రక్షణ అంతా ఈ రెండో వాక్యం మీదే నిలబడి ఉంటుంది.

ఆ 3వ నిబంధన చెప్పేవి మూడు సంగతులు. మొదటిది, నడిపేవారి దగ్గర ఆ తరగతి వాహనానికి చెల్లే లెర్నింగ్ లైసెన్సు ఉండాలి. మోటారు సైకిలుకు తీసుకున్న ఎల్‌ఎల్‌ఆర్‌తో కారు నడపడం కుదరదు. లెర్నింగ్ లైసెన్సు గడువు 6 నెలలే. జారీ అయిన 30 రోజుల తరువాత పక్కా లైసెన్సు పరీక్షకు వెళ్లవచ్చు కాబట్టి 6 నెలలు చాలా ఎక్కువ అనిపిస్తుంది. కానీ పరీక్షలు, పెళ్లిళ్లు, వానలు అంటూ వాయిదా వేసుకుంటూ పోయి, గడువు దాటిన సంగతే గమనించనివారు ఎందరో ఉన్నారు. గడువు దాటిన మరునాడు ఆ కాగితానికి బీమా కంపెనీ దగ్గర ఏ విలువా ఉండదు.

రెండోది, పక్కన డ్రైవింగ్ లైసెన్సు ఉన్న వ్యక్తి కూర్చుని ఉండాలి. అది కూడా బండిని అదుపు చేయగలిగే, లేదా ఆపగలిగే విధంగా కూర్చోవాలి. మామూలు కారులో దీని అర్థం ముందు సీటు, చేతికి అందేంత దూరంలో హ్యాండ్ బ్రేకు. వెనుక సీటులో కూర్చుని "మెల్లగ పో బిడ్డా" అంటూ సలహాలిచ్చే మామయ్య ఈ నిబంధన దృష్టిలో లేనట్టే. హ్యాండ్ బ్రేకుకు బదులు చిన్న మీట మాత్రమే ఉండే కొత్త కార్లలో, ఆ మీటతో నడుస్తున్న బండిని ఎలా ఆపాలో పక్కన కూర్చునేవారు ముందుగా తెలుసుకొని, ఖాళీ చోట ఒకసారి సాధన చేసి ఉండటం మంచిది. ఇక్కడే ఎవరూ చూసుకోని సంగతి మరొకటి ఉంది. నేర్పే తండ్రి లైసెన్సు గడువు. ఇప్పుడున్న చట్టం ప్రకారం 30 ఏళ్ల లోపు తీసుకునే లైసెన్సు 40 ఏళ్లు నిండేవరకే చెల్లుతుంది. 30 నుంచి 50 ఏళ్ల మధ్య తీసుకుంటే 10 ఏళ్లు, 55 దాటిన తరువాత ఒక్కో రెన్యువలుకు 5 ఏళ్లు మాత్రమే. ఇరవై ఏళ్ల నుంచి నడుపుతున్నానన్న ధీమాతో నేర్పేవారి లైసెన్సే గడువు దాటి ఉంటే, నేర్చుకునేవారి కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా నిబంధన తప్పినట్టే అవుతుంది.

మూడోది ఎల్ బోర్డు. తెల్లటి నేపథ్యం మీద ఎర్రటి ఎల్ అక్షరం, 18 సెంటీమీటర్ల చదరపు పలక, ముందూ వెనుకా రెండు చోట్లా ఉండాలి. వెనుక అద్దానికి మాత్రమే చిన్న స్టిక్కరు అతికించి సరిపెట్టుకోవడం మనకు అలవాటు. ప్రమాదం తరువాత నష్టం అంచనా వేయడానికి వచ్చే బీమా సర్వేయరు తీసే మొదటి ఫోటో కారు ముందు భాగానిదే అయి ఉంటుందని గుర్తుంచుకుంటే, నలభై యాభై రూపాయల బోర్డు దగ్గర పొదుపు చేయబుద్ధి కాదు.

నిబంధన తప్పితే ఏమవుతుందన్నది రెండు రకాలుగా చూడాలి. ఎదుటివారికి గాయమో మరణమో సంభవించినప్పుడు, లెర్నింగ్ లైసెన్సు కూడా లైసెన్సేనని, దాన్ని సాకుగా చూపి కంపెనీ బాధ్యత నుంచి తప్పించుకోలేదని సుప్రీంకోర్టు 2004లో నేషనల్ ఇన్సూరెన్స్ కంపెనీకి, స్వరణ్ సింగ్‌కు మధ్య జరిగిన కేసులో స్పష్టం చేసింది. షరతు ఉల్లంఘన నిరూపణ అయిన సందర్భాల్లో సైతం బాధితులకు ముందు కంపెనీ చేత చెల్లింపజేసి, ఆ తరువాత బండి యజమాని నుంచి వసూలు చేసుకోమనే పద్ధతి ఉంది. అంటే బాధితులకు న్యాయం జరుగుతుంది, కానీ ఆ లక్షలు చివరికి యజమాని మీదికే రావచ్చు. ఇక మన సొంత కారు మరమ్మతు విషయంలో ఇంత దయ ఉండదు. షరతు తప్పితే ఆ క్లెయిమును తిరస్కరించడానికి కంపెనీకి అవకాశం దొరుకుతుంది.

ఖాళీ మైదానంలో నేర్చుకుంటే ఇవన్నీ వర్తించవన్నది పెద్ద అపోహ. జనానికి ప్రవేశించే హక్కున్న ఏ చోటైనా చట్టం దృష్టిలో బహిరంగ స్థలమే. తెల్లవారుజామున నడకకు వచ్చేవారు, క్రికెట్ ఆడే పిల్లలు ఉన్న కాలేజీ మైదానం రోడ్డు కిందే లెక్క.

థర్డ్ పార్టీ చాలదా?

1988 నాటి మోటారు వాహనాల చట్టం 146వ సెక్షను ప్రకారం థర్డ్ పార్టీ బీమా, అంటే మన బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి ఇచ్చే బీమా, లేకుండా బండి రోడ్డెక్కకూడదు. దాని ప్రీమియాన్ని కంపెనీ కాక ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ధరల ప్రకారం 1000 సీసీ వరకు ఉన్న కారుకు ఏడాదికి 2,094 రూపాయలు, 1000 నుంచి 1500 సీసీ వరకు 3,416 రూపాయలు, అంతకు మించితే 7,897 రూపాయలు, వీటికి పన్ను అదనం. ఏ కంపెనీ దగ్గర తీసుకున్నా ఈ భాగంలో తేడా ఉండదు కాబట్టి, "మా దగ్గర థర్డ్ పార్టీ చౌక" అనే మాటకు అర్థం లేదు. ఎదుటివారి మరణానికీ గాయాలకూ ఈ కవరులో పరిమితి లేదు. ఎదుటివారి ఆస్తి నష్టానికి మాత్రం 7.5 లక్షల రూపాయల వరకే ఉంటుంది. ఈ ఆస్తి కవరును 6,000 రూపాయలకు తగ్గించుకుంటే కారు ప్రీమియంలో 100 రూపాయలు తగ్గే వెసులుబాటు ఒకటి ఉంది. నేర్చుకునేవారున్న ఇంట్లో ఆ వంద రూపాయల జోలికి పోకూడదు. మా వరంగల్ ఎనుమాముల మార్కెట్ దారిలో మిర్చి బస్తాలతో ఆగి ఉన్న ఆటోను ఒకసారి తాకితే అయ్యే ఖర్చుకు 6,000 ఏ మూలకూ సరిపోదు.

నేర్చుకోవడం కోసమే పాత కారు కొన్నవారు, దాని మరమ్మతుకు ఎలాగూ బీమా అక్కరలేదని, థర్డ్ పార్టీ ఒక్కటే కట్టి ఊరుకుంటారు. లెక్క చూస్తే సబబుగానే కనిపిస్తుంది, కానీ ఒక చిక్కుంది. కేవలం థర్డ్ పార్టీ పాలసీలో, కారులో ఊరికే వెంట వచ్చి కూర్చున్న ప్రయాణికుడు థర్డ్ పార్టీ కిందికి రాడు. నేర్చుకునేవారి పక్క సీటులో విధిగా ఒకరు కూర్చోవలసి ఉంటుంది కదా. ఆ తండ్రికో, అన్నకో, స్నేహితుడికో గాయమైతే ఆ పాలసీ ఆదుకోదు. జనం ఫుల్ ఇన్సూరెన్స్ అని పిలిచే ప్యాకేజీ పాలసీలో మాత్రం సొంత కారులో ప్రయాణించేవారి పట్ల యజమానికి ఉండే బాధ్యతను కంపెనీ భరిస్తుంది. పాత కారైనా సరే, నేర్చుకునే ఏడాది వరకు ప్యాకేజీ పాలసీ తీసుకోవాలని నేను చెప్పేది ప్రధానంగా ఈ కారణంతోనే. బంపరు కోసం కాదు.

నడిపేవారికి గాయమైతే?

ఈ ప్రశ్నను ఏజెంటును అడిగితే సాధారణంగా "15 లక్షలు ఉంది కదా" అనే జవాబు వస్తుంది. ఆ 15 లక్షల వ్యక్తిగత ప్రమాద కవరు యజమాని కమ్ డ్రైవరుకు మాత్రమే, అంటే ఆర్సీలోనూ పాలసీలోనూ పేరుండి, లైసెన్సున్న వ్యక్తికే. కారు తండ్రి పేరున ఉండి కూతురు నేర్చుకుంటుంటే, స్టీరింగు వెనుక ఉన్న కూతురికి ఆ కవరు వర్తించదు. ఆమె థర్డ్ పార్టీ కూడా కాదు. రెండు కవర్ల మధ్య సందులో పడిపోయేది సరిగ్గా నేర్చుకునే మనిషే.

దీనికి రెండు మార్గాలున్నాయి. ప్యాకేజీ పాలసీలో పేరు రాసిన వ్యక్తికి వ్యక్తిగత ప్రమాద కవరు చేర్చే వీలుంది; నేర్చుకునేవారి పేరు అందులో రాయించాలి. ఇది గరిష్ఠంగా 2 లక్షల వరకే ఉంటుంది, ఖర్చూ తక్కువే. పేరు రాయకుండా సీటుకింత అని ఇచ్చే కవరు మరొకటి ఉంది, కానీ అది ప్రయాణికులను ఉద్దేశించినది. నడుపుతున్న మనిషికి అది వర్తిస్తుందా లేదా అన్న వాదనకు తావివ్వడం కంటే పేరు రాయించుకోవడమే మేలు. రెండోది, కారుతో సంబంధం లేని వ్యక్తిగత ప్రమాద బీమా. 18 నుంచి 70 ఏళ్ల మధ్య వయసుండి బ్యాంకు ఖాతా ఉన్నవారికి ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ఏడాదికి 20 రూపాయలకే 2 లక్షల ప్రమాద బీమా ఇస్తుంది. ముందు దాన్ని తీసుకుని, ఆపైన స్తోమతను బట్టి పెద్ద మొత్తానికి మరొకటి తీసుకోవచ్చు.

కారు నేర్చుకునేవారి పేరు మీదే కొన్నప్పుడు పరిస్థితి వేరు. యజమానికి చెల్లుబాటయ్యే లైసెన్సు లేనప్పుడు ఆ 15 లక్షల కవరు తప్పనిసరి కాదు, దాని ప్రీమియం వసూలు చేయకూడదు. లెర్నింగ్ లైసెన్సు మాత్రమే ఉన్న యజమానికి ఆ కవరు ఇస్తారా, ఇస్తే దేనికి వర్తిస్తుంది అన్నది కంపెనీకి మెయిలు రాసి, జవాబు రాతలో తెప్పించుకోవాలి. ఫోనులో చెప్పిన మాట క్లెయిము రోజున అక్కరకు రాదు.

అదనపు కవర్లు

నేర్చుకునేవారు కారుకు చేసే నష్టం ఎలా ఉంటుందో ముందు ఆలోచిస్తే, ఏ కవరు కావాలో అదే తేలుతుంది. రివర్సులో గేటు స్తంభానికి తగిలి వెనుక బంపరు పగలడం, ఇరుకు సందులో తలుపు మీద పొడవాటి గీత పడటం, కాజీపేట ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కుతూ క్లచ్ వదలలేక బండి వెనక్కి జారి వెనుకవాడి హెడ్‌లైటుకు తగలడం, ఊరి స్పీడ్ బ్రేకరు మీద వేగం తగ్గించక కింద ఆయిల్ సంపుకు దెబ్బ తగలడం. వీటిలో చాలావరకు ప్లాస్టిక్కు, పెయింటుకు సంబంధించినవే. మామూలు ప్యాకేజీ పాలసీ తరుగుదల కోసే చోటు కూడా సరిగ్గా అదే. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు, బ్యాటరీకి, ఎయిర్ బ్యాగులకు 50 శాతం, ఫైబర్ గ్లాసు భాగాలకు 30 శాతం కోత పడుతుంది. అద్దాలకు కోత లేదు. ఇనుప భాగాలకు కారు వయసును బట్టి, ఆరు నెలల లోపు అసలు లేకుండా మొదలై పదేళ్లు దాటితే 50 శాతం వరకు పోతుంది. ఆ కోత లేకుండా ఇచ్చేదే జీరో డెప్, జనం నోట బంపర్ టు బంపర్. ఐదేళ్ల లోపు కారులో నేర్చుకునేవారికి నేను సందేహం లేకుండా చెప్పే కవరు ఇదొక్కటే. అయితే చాలా కంపెనీలు ఏడాదిలో రెండు క్లెయిములకే దీన్ని పరిమితం చేస్తాయి, ఒక్కో సొట్టనూ ఒక్కో ప్రమాదంగా లెక్కిస్తాయి. ఏడాదంతా పడిన గీతలన్నీ ఒకే క్లెయిములో దులిపేసుకుందామనుకుంటే సర్వేయరు ఒప్పుకోడు.

ఇంజిన్ ప్రొటెక్ట్, అంటే ఇంజిన్ నష్టానికి ఇచ్చే అదనపు కవరు, మన ప్రాంతానికి ఒకప్పుడు అనవసరంగా కనిపించేది. 2023 జూలై వానల్లో వరంగల్, హన్మకొండ కాలనీల్లో నీళ్లు నిలిచి, ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే 649.8 మిల్లీమీటర్ల వాన కురిసిన తరువాత ఆ మాట అనలేము. వరదలో కారు మునిగితే మామూలు ప్యాకేజీ పాలసీ కూడా వర్తిస్తుంది. కానీ నీళ్లలో ఆగిన బండిని మళ్లీ మళ్లీ స్టార్టు చేయడం వల్ల ఇంజిన్ పట్టేస్తే, అది ప్రమాదం వల్ల నేరుగా కాక ఆ తరువాత జరిగిన పర్యవసాన నష్టమని చెప్పి కంపెనీ ఇవ్వదు. కొత్తగా నేర్చుకునేవారు బండి ఆగగానే చేసే మొదటి పని తాళం తిప్పడమే కదా. ఆయిల్ సంపు పగిలి, ఆయిలంతా కారిపోతున్నా గమనించక ఇంటిదాకా నడిపిన సందర్భమూ ఇలాంటిదే. హంటర్ రోడ్డు, నయీంనగర్ వైపు నీళ్లు చేరే చోట్ల ఉండేవారు, ఊళ్లకు తరచుగా వెళ్లేవారు దీన్ని తీసుకోవడం మంచిది. మిగిలినవారు మానుకోవచ్చు.

రోడ్‌సైడ్ అసిస్టెన్సుకు, అంటే దారిలో ఆగిన బండికి సాయం అందించే కవరుకు, అయ్యే ఖర్చు కొద్దిపాటిదే, ఉపయోగం పెద్దది. పాలసీలో మామూలుగా బండిని లాక్కెళ్లడానికి ఇచ్చేది 1,500 రూపాయల వరకే. భూపాలపల్లి దగ్గర ఆగిన కారును వరంగల్‌కు చేర్చడానికి అది చాలదు. రిటర్న్ టు ఇన్వాయిస్ (కారు పూర్తిగా పోతే కొన్న ధర ఇచ్చే కవరు), తాళం చెవి కవరు వంటివి నేర్చుకోవడానికి సంబంధం లేనివి. వాటి మీద డబ్బు పెట్టనక్కరలేదు.

ఏ కవరూ ఇవ్వనిది కూడా చెప్పుకోవాలి. నేర్చుకునేవారి చేతిలో అందరికంటే ముందు అరిగేది క్లచ్ ప్లేటు. అది అరుగుదలే తప్ప ప్రమాదం కాదు కాబట్టి ఆ ఖర్చు మనదే. టైరు ఒక్కటే పగిలితే ఇవ్వరు. కారుకూ అదే సమయంలో నష్టం జరిగితేనే టైరు ఖర్చులో సగం ఇస్తారు.

చిన్న క్లెయిము, పెద్ద నష్టం

నేర్చుకునే ఇంట్లో డబ్బు ఎక్కువగా పోయేది పాలసీ కొనేటప్పుడు కాదు, క్లెయిము చేసేటప్పుడు. ఒక లెక్క వేసి చూద్దాం. పాలసీలో మన కారుకు జరిగే నష్టానికి కట్టే సొంత నష్టం భాగం ప్రీమియం, బోనస్ తీయకముందు, 9,000 రూపాయలనుకుందాం. రెండేళ్లుగా క్లెయిము లేనందున ఇప్పుడు 25 శాతం నో క్లెయిమ్ బోనస్, అంటే ఆ ప్రీమియంలో అంత తగ్గింపు, ఉంది. జీరో డెప్ లేదు. గేటుకు తగిలి బంపరు పగిలింది. బంపరు 3,000, పెయింటు 3,000, కూలి 1,000, మొత్తం 7,000 బిల్లు. బంపరు ప్లాస్టిక్ కాబట్టి 1,500 కోత. పెయింటు బిల్లులో నాలుగో వంతును, అంటే 750ని, సామగ్రిగా లెక్కించి అందులో సగం, 375 కోత. 1500 సీసీ వరకు కార్లకు ప్రతి క్లెయిములోనూ మనం తప్పనిసరిగా భరించవలసిన 1,000 మరో కోత. చేతికి వచ్చేది 4,125.

ఇప్పుడు పోయేది చూడాలి. క్లెయిము చేయకపోతే వచ్చే ఏడాది బోనస్ 35 శాతం అయ్యేది, చేస్తే సున్నా: 3,150 నష్టం. ఆ పై ఏడాది 45 రావలసిన చోట 20: 2,250 నష్టం. ఆ పైన 50కి బదులు 25: మరో 2,250. ప్రీమియం అంతే ఉన్నదనుకున్నా మూడేళ్లలో 7,650, దాని మీద 18 శాతం పన్ను వేరే. 4,125 కోసం అంత పోగొట్టుకోవడం ఎవరికీ ఇష్టముండదు, కానీ షెడ్డులో "ఇన్సూరెన్స్ ఉంది కదా సార్, పెట్టేద్దాం" అనగానే సంతకం పెట్టేసేవారే ఎక్కువ.

ఈ లెక్క నుంచే మరో ఎంపిక తేలుతుంది. మొదటి 2,500 లేదా 5,000 మేమే భరిస్తామని ముందే ఒప్పుకుంటే ప్రీమియంలో తగ్గింపు వస్తుంది. దీన్ని వాలంటరీ డిడక్టిబుల్ అంటారు. బోనస్ 45, 50 శాతానికి చేరిన ఇంటివారు చిన్న క్లెయిములు ఎలాగూ చేయరు కాబట్టి వారికి ఈ తగ్గింపు దాదాపు ఉచితంగా వచ్చినట్టే. కొత్త కారు కొని, బోనస్ ఇంకా సున్నా దగ్గరే ఉన్నవారికి మాత్రం చిన్న క్లెయిము వల్ల పోయేది తక్కువ. వారు జీరో డెప్ తీసుకుని, ఈ తగ్గింపు జోలికి పోకపోవడమే నయం. ఈ రెండూ ఒకే పాలసీలో కలిపి ఇవ్వజూపే ఏజెంటు లెక్క వేయలేదని అర్థం.

పాత కారు, డ్రైవింగ్ స్కూలు

నేర్చుకోవడానికి పాత కారు కొన్నప్పుడు ఆర్సీ మారిన 14 రోజుల లోపు పాలసీని కూడా మన పేరు మీదికి మార్చమని దరఖాస్తు చేయాలి. థర్డ్ పార్టీ భాగం దానంతటదే కొత్త యజమానికి బదిలీ అయినట్టు చట్టం భావిస్తుంది. సొంత నష్టం భాగం మాత్రం అలా రాదు. అమ్మినవారి నో క్లెయిమ్ బోనస్ వారితోనే పోతుంది, ఆ మేరకు తేడా ప్రీమియం మనం కట్టాలి. అమ్మినాయన పాలసీ లాప్స్ అయి ఉంటే తనిఖీ తరువాతనే కొత్త పాలసీ ఇస్తారు. ఆ తనిఖీ పూర్తయ్యేదాకా కారు ఇంట్లోనే ఉండాలి.

డ్రైవింగ్ స్కూలు కారులో నేర్చుకునేటప్పుడు వర్తించేది ఆ స్కూలు పాలసీ. చేరేముందు రవాణా శాఖ ఇచ్చిన స్కూలు లైసెన్సు, కారులో నేర్పేవారి వైపు కూడా బ్రేకు, క్లచ్ ఉన్నాయా అన్నది, పాలసీలో డ్రైవింగ్ నేర్పడానికి వాడకం అని రాసి ఉందా అన్నది అడిగి చూడాలి. అడిగితే చిన్నబుచ్చుకునే స్కూలులో చేరకపోవడమే మంచిది. ఇంటికి వచ్చి మన కారులోనే నేర్పే డ్రైవరు విషయంలో మాత్రం పూచీ మన పాలసీది. ఆయన లైసెన్సు కాపీ తీసి పెట్టుకోవాలి. నెల జీతానికి డ్రైవరును పెట్టుకున్నవారు, జీతం తీసుకునే డ్రైవరు పట్ల చట్టపరమైన బాధ్యత కవరును 50 రూపాయలతో చేర్చుకోవచ్చు.

కంపెనీ ఎంపిక గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. హైదరాబాద్‌లో వందల క్యాష్‌లెస్ షెడ్లున్నాయని, అంటే బిల్లును కంపెనీయే నేరుగా కట్టే షెడ్లున్నాయని, చెప్పే కంపెనీకి వరంగల్‌లో, కరీంనగర్‌లో మన కారు కంపెనీ షెడ్డుతో ఒప్పందం ఉందో లేదో కనుక్కోవాలి. ఐడీవీని, అంటే పాలసీలో కారుకు కట్టిన విలువను, తక్కువ చేసి ప్రీమియం తగ్గించి చూపుతున్నారేమో కూడా చూసుకోవాలి. రెండు కొటేషన్లు పోల్చేటప్పుడు ఐడీవీ, డిడక్టిబుల్, కవర్లు మూడూ సమానంగా పెట్టి పోలిస్తేనే పోలిక.

తగిలిన తరువాత

ఎవరికైనా దెబ్బ తగిలితే ముందు వారిని ఆసుపత్రికి చేర్చాలి, పోలీసులకూ బీమా కంపెనీకీ సమాచారమివ్వాలి. ఇవి చట్టం డ్రైవరు మీద పెట్టిన బాధ్యతలు. మన కారుకే సొట్ట పడితే, కారును కదపకముందు ఎల్ బోర్డులు కనిపించేలా ముందూ వెనుకా ఫోటోలు తీసి, అదే రోజు కంపెనీకి తెలియజేయాలి. క్లెయిము కాగితాలతో పాటు ఎల్‌ఎల్‌ఆర్, పక్కన కూర్చున్నవారి లైసెన్సు రెండూ ఇవ్వాలి.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పక తప్పదు. మా అన్న కూతురు నేర్చుకుంటూ రివర్సులో కరెంటు స్తంభానికి కొట్టింది. పక్కన మా అన్న కూర్చునే ఉన్నాడు, అమ్మాయి ఎల్‌ఎల్‌ఆర్‌కు గడువుంది, బోర్డులున్నాయి. అయినా ఏజెంటు వచ్చి, "అన్నా, డ్రైవర్ దగ్గర మీ పేరే రాయుండ్రి, లొల్లి ఉండదు" అన్నాడు. మా అన్న రాశాడు. సర్వేయరు వచ్చి, ఎలా జరిగిందని మామూలుగా అడిగితే, మా వదిన చాయ్ ఇస్తూ జరిగింది జరిగినట్టు చెప్పింది. నిజం రాసి ఉంటే వచ్చే డబ్బు, అబద్ధం రాసినందుకు రాలేదు. నడిపినవారి పేరు మార్చడం తప్పుడు సమాచారం కిందికి వస్తుంది, మొత్తం క్లెయిమును కొట్టివేయడానికి అదొక్కటే చాలు. ఎవరికైనా గాయమైన కేసులో ఇలా పేరు మార్చితే అది బీమాతో ఆగదు, పోలీసు కేసు దాకా పోతుంది. 18 ఏళ్లు నిండనివారికి కారు ఎల్‌ఎల్‌ఆరే రాదు కాబట్టి, అలాంటి పిల్లలకు స్టీరింగు ఇచ్చిన తండ్రికి పేరు మార్చాలన్న ఆశ మరీ ఎక్కువగా పుడుతుంది. చట్టంలోని 199ఏ సెక్షను ఆ తండ్రికే 3 ఏళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా అంటుంది.

సరైన క్లెయిమును కంపెనీ అన్యాయంగా తిరస్కరిస్తే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, హైదరాబాద్‌లోని, బీమా ఫిర్యాదులు విచారించే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు.

పక్కా లైసెన్సు వచ్చాక రెండు పనులు మిగులుతాయి. కారు మీ పేరునే ఉండి, 15 లక్షల కవరు లేకుండా పాలసీ తీసుకున్నట్టయితే, లైసెన్సు కాపీ పంపి ఆ కవరును వెంటనే చేర్పించుకోవాలి. రెన్యువలు దాకా ఆగనక్కరలేదు. తండ్రి కారులో నేర్చుకుని ఇప్పుడు సొంతంగా మరో కారు కొంటున్నవారు, తండ్రికున్న 50 శాతం బోనస్ తమకు వస్తుందని లెక్క వేసుకోకూడదు. తండ్రి బతికుండగా ఆ బోనస్ బిడ్డలకు మారదు. మీ ప్రీమియం సున్నా బోనస్ నుంచే మొదలవుతుంది, కాబట్టి కొత్త కారు బడ్జెటులో మొదటి ఏడాది బీమాకు పూర్తి మొత్తాన్నే రాసుకోండి.